ఆటతో పుట్టిన యంత్రవిద్య: లైనక్సుపై పాత ఆటలు, కొత్త ఆటలు

ఈ ఉత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాసి ఇమ్మని కార్యవర్గంవారు అడిగినప్పుడు, చెరకు తోటలను గురించో, 1860లో మద్రాసు నుండి డర్బను రేవు చేరిన ట్రూరో ఓడను గురించో మేము వ్రాస్తామని వారు అనుకొని ఉంటారు. ఆ కథను మాకంటే బాగా ఎరిగిన పెద్దలు ఎన్నోసార్లు వ్రాశారు. మేము బడిలో లెక్కలు చెప్పి విరమించినవాళ్లం. తెలుగు వ్రాయడం నేర్చింది సాయంకాలపు తరగతిలో. తప్పులు దొర్లితే పెద్దలు మన్నించాలి. మన పిల్లలు రోజూ చేతబట్టే వీడియో ఆటలకు కూడా ఒక చరిత్ర ఉన్నది. అందులో మాకు బాగా తెలిసిన ఒక పాయను, అనగా లైనక్సు అనే ఉచిత వ్యవస్థపై ఆటలు ఎట్లా నిలిచాయో, ఇక్కడ చెప్పదలచాము.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మన దేశానికి టెలివిజను వచ్చిందే 1976లో. ఆ తరువాత కొద్ది యేండ్లకు టీ రూముల మూలల్లో నాణెం వేసి ఆడే యంత్రాలు వెలిశాయి. మా బడికి మొదటి కంప్యూటరు వచ్చేటప్పటికి 1990 దాటింది. దాని బల్ల సొరుగులో ఇరవై ముప్పై ఫ్లాపీ డిస్కులు ఉండేవి. వాటిలో ప్రిన్సు ఆఫ్ పర్షియా అనే ఆట ఒకటి. రాజకుమారిని విడిపించడానికి అరవై నిమిషాల గడువు, చెరసాల మెట్లు, ఉరుకులు, కత్తియుద్ధం. జోర్డను మెక్నరు అనే అమెరికా యువకుడు తన తమ్ముని పరుగులను, గెంతులను చలనచిత్రం తీసి, దానిని చూచి బొమ్మలు గీసి 1989లో వెలువరించిన ఆట అది. సెలవు రోజుల్లో ఉపాధ్యాయులమే దాన్ని ఎక్కువగా ఆడాము. ఆ సొరుగులోని డిస్కుల్లో ఒక్కటీ కొన్నది కాదు. పక్కవాని పుస్తకంలో చూచి వ్రాసిన పిల్లవానిని నిలబెట్టే మేము, సొరుగు నిండా నకళ్లు దాచుకొన్నాము. అప్పట్లో ఊరంతా అట్లాగే చేసేది అనుకోండి. అది సమాధానం కాదు.

ఇక చరిత్రలోకి వద్దాం. యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రామును ఆపరేటింగు సిస్టము అంటారు. లైనక్సుకు పెద్దతాత వంటిది యూనిక్సు. అది పుట్టడానికి ఒక ఆట సాయపడింది. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సను అనే శాస్త్రజ్ఞుడు స్పేస్ ట్రావెల్ అనే ఆట వ్రాసుకొన్నాడు. సూర్యుడు, గ్రహాలు తెరపై తిరుగుతుంటే మనం ఓడను నడిపి ఏదో ఒక గ్రహంపై దించాలి. సంస్థవారి పెద్ద యంత్రంపై ఒక్కసారి ఆడితే డెబ్బైఅయిదు డాలర్ల వరకు అద్దె పడేది. పైగా బొమ్మ కుదుపులతో కదిలేది. ఎవరూ పెద్దగా వాడని పీడీపీ-7 అనే చిన్న యంత్రం ఒకటి ఆయన కంటబడింది. డెన్నిసు రిచీతో కలిసి ఆటను దానిపైకి మార్చాడు. అందుకు చేసుకొన్న పనిముట్లే పెరిగి యూనిక్సుకు పునాది అయినాయి. పిల్లలు ఆటలతో పాడైపోతున్నారని సభల్లో వాపోయే మిత్రులకు మేము ఈ కథ చెబుతుంటాము.

మనుమని కథ కూడా ఆటతోనే మొదలయింది. 1991 జనవరిలో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్సు అనే విద్యార్థి కొత్త కంప్యూటరు కొన్నాడు. దానికి కావలసిన మినిక్సు అనే వ్యవస్థ డిస్కులు రావడం ఆలస్యమయింది. అవి వచ్చేదాకా అతడు ఆడుతూ కూర్చున్నది మా సొరుగులోని ప్రిన్సు ఆఫ్ పర్షియానే! ఆ సంగతి ఆత్మకథలో తానే వ్రాసుకొన్నాడు. ఆ సంవత్సరమే ఆగస్టు 25న తానొక సిస్టము వ్రాస్తున్నానని లోకానికి తెలియజేశాడు. అదే లైనక్సు. మరుసటి యేడు దాన్ని జీపీఎల్ అనే ఒప్పందం కింద ఉంచాడు. రిచర్డు స్టాల్మను 1983లో ప్రకటించిన గ్నూ ఉద్యమం నుండి వచ్చిన ఒప్పందం అది. ఎవరైనా వాడవచ్చు, లోపలి వ్రాత చదవవచ్చు, మార్చవచ్చు, నకలు తీసి పంచవచ్చు. పంచినప్పుడు ఈ హక్కులన్నీ పుచ్చుకొనేవానికి కూడా ఇవ్వాలి. అంతే షరతు.

వ్యవస్థ ఉచితమే గాని, ఆటలు చేసేవారు దానివైపు చూడలేదు. కొద్దిమంది చూచారు. 1993 డిసెంబరులో వచ్చిన డూమ్ అనే ఆటను, ఆ కంపెనీ ఉద్యోగి డేవ్ టేలరు మరుసటి యేడే లైనక్సుకు తెచ్చాడు. 1997 డిసెంబరులో ఆ కంపెనీ, ఐడీ సాఫ్ట్‌వేరు, డూమ్ మూలవ్రాతను బయటపెట్టింది. అప్పుడు వారిచ్చింది లైనక్సు కోసం మార్చిన వ్రాతనే. ఎందుకంటే డాసు యంత్రాల రకంలో శబ్దం పలికించే భాగం పరులది. బొమ్మలు, భవనాలు మాత్రం కొనవలసినవిగానే ఉంచారు. 1999లో ఆ వ్రాతను కూడా జీపీఎల్ కిందికి తెచ్చారు. ఈనాడు ఏ చిన్న యంత్రంపైనైనా డూమ్ ఆడుతున్నారంటే ఆ దానమే కారణం.

ఆ మధ్యలోనే లోకీ సాఫ్ట్‌వేరు కథ జరిగింది. 1998లో అమెరికాలో స్కాటు డ్రేకరు దాన్ని స్థాపించాడు. పేరున్న ఆటల హక్కులు పుచ్చుకొని, వాటిని లైనక్సుకు మార్చి, పెట్టెల్లో పెట్టి అమ్మడం వారి వ్యాపారం. 1999లో సివిలైజేషను: కాల్ టు పవర్ అనే ఆటతో మొదలుపెట్టి, నిజాయితీగా, మంచి పనితనంతో అమ్మారు. కొనేవారు చాలలేదు. 2001 ఆగస్టులో దివాలా ప్రకటించారు, 2002 జనవరిలో తలుపులు మూశారు. తరువాత జరిగినది ఇంకా విచిత్రం. లైనక్సులోని సహాయక భాగాలు యేండ్ల తరబడి మారిపోవడంతో, లోకీవారు లైనక్సుకే చేసి అమ్మిన ఆ ఆటలు నేటి లైనక్సుపై సులభంగా లేవవు. అదే ఆటకు విండోసు పెట్టెలో వచ్చిన డిస్కు మాత్రం చాలాసార్లు లేస్తుంది! ఇంటివాడు గుమ్మం బయట, బయటివాడు ఇంటిలోపల.

అది ఎట్లా సాధ్యమో చెప్పాలంటే వైన్ అనే ప్రోగ్రామును గురించి చెప్పాలి. 1993లో బాబ్ ఆమ్‌స్టాట్, ఎరిక్ యంగ్‌డేల్ మొదలుపెట్టారు. 1994 నుండి అలెగ్జాండర్ జూలియార్ నడిపిస్తున్నాడు. విండోసుకు వ్రాసిన ఆట అడుగడుగునా విండోసునే అడుగుతుంది: కిటికీ తెరువు, ఫైలు చదువు, ఈ బొమ్మ గీయి, ఈ శబ్దం పలికించు అని. వైన్ మధ్యలో నిలబడి, ఆ ప్రశ్నలను విని, లైనక్సుకు తెలిసిన మాటల్లో అడిగి, జవాబు తెచ్చి ఇస్తుంది. తోటల కాలంలో దొరకు, కూలీకి మధ్య నిలబడిన దుబాసీని తలచుకొంటే చాలు. దుబాసీ కూలీని దొరగా మార్చడు, దొరను కూలీగా మార్చడు. ఇద్దరి పని జరిగిపోతుంది. కాని తెలియని మాట వచ్చినచోట పని ఆగుతుంది. విండోసుకు ఉన్న మాటలు వేలు. అందుకే వైన్ మొదటి పూర్తి సంచిక, 1.0, వెలువడేసరికి 2008 జూను అయింది. పదిహేనేండ్లు! అంత ఓపికపట్టి బడిలో ఎవరినైనా నిలబెట్టగలిగామా అని మేము ఆలోచించుకొంటాము.

మరీ పాత ఆటలకు దుబాసీ చాలదు. వాటికి పాత యంత్రమే కావాలి. అక్కడ పని వేషం కట్టడం. డాస్‌బాక్సు 2002 నుండి ఆనాటి డాసు కంప్యూటరు వేషం కడుతున్నది. 1997లో ఇటలీవాడు నికోలా సాల్మోరియా మొదలుపెట్టిన మేమ్ అనే ప్రోగ్రాము టీ రూము యంత్రాల వేషం కడుతుంది. పాక్-మాన్ పెట్టెలోని చిప్పులు ఎట్లా నడిచేవో అట్లాగే నడిచి చూపుతుంది. వేషం ఉచితమైనా, చిప్పుల్లోని ఆట ఇంకా యజమానిదే. ఈ తేడా పిల్లలకు చెప్పకుండా యంత్రం ముందు కూర్చోబెట్టడం మాకు ఇష్టం లేదు.

లైనక్సు మా చేతికి వచ్చింది మన దేశపువాని చలువ వల్లనే. వెల్కం పట్టణంలో పుట్టిన మార్కు షటిల్‌వర్తు తన కంపెనీని 1999లో అమ్మి, 2002లో రోదసికి వెళ్లి వచ్చి, 2004 అక్టోబరులో ఉబుంటు అనే లైనక్సును వెలువరించాడు. ఆ మాట మన జూలూ పొరుగువారిది. అడిగితే చాలు, డిస్కులు పోస్టులో ఉచితంగా వచ్చేవి. 2011లో ఆ ఏర్పాటు ఆగింది. అప్పటికి ఒక కార్యాలయంవారు పారవేయబోయిన పద్నాలుగు పాత యంత్రాలు మా బడికి వచ్చి ఉన్నాయి. వాటికి లైసెన్సు కాగితాలు లేవు, కొత్తవి కొనే డబ్బూ లేదు. ఒక్క ఉబుంటు డిస్కు పద్నాలుగింటికీ సరిపోయింది. నకలు తీసి పిల్లలకు కూడా పంచాము. తప్పు చేయకుండా నకలు పంచడం మాకు అదే మొదటిసారి. ఆ సాయంత్రమే పాత సొరుగు ఖాళీ చేశాము.

రంగు బుడగలు పేల్చే ఫ్రోజెను బబుల్ కోసం పిల్లలు భోజనం మానుకొని క్యూ కట్టేవారు. ఒక యంత్రంపై తెలుగు అమర్చి చూపితే, సాయంకాలపు తరగతివారు మెనూలో 'దస్త్రం' అనే మాట చూచి అర్థం అడిగారు. ఫైలు అని చెప్పాము. నిజానికి మేమూ ఆ మాటను అక్కడే నేర్చుకొన్నాము. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ వంటివారు, పేరు తెలియని ఎందరో యువకులు తెలుగు చేసిన పుణ్యం అది.

తరువాతి మలుపు పెద్ద వ్యాపారి వల్ల వచ్చింది. స్టీమ్ అనే ఆటల అంగడి నడిపే వాల్వు కంపెనీ అధిపతి గేబ్ న్యూవెలు, విండోసు 8 వస్తే తమకు విపత్తేనని 2012లో అన్నాడు. అంగడి తాళంచెవి పరుల చేతిలో ఉండడం ఆయనకు భయం. 2013 ఫిబ్రవరిలో స్టీమును లైనక్సుకు తెచ్చారు. 2015లో స్టీమ్ మెషీను అనే పెట్టెలు అమ్మించారు. అవి పోలేదు. ప్రతి కంపెనీ వచ్చి తన ఆటను లైనక్సుకు మార్చాలని ఎదురుచూడడమే లోకీ కాలం నాటి పొరపాటు, అదే మళ్లీ జరిగింది. అప్పుడు వారు దుబాసీ వైపు తిరిగారు. విండోసు బొమ్మల భాషను వల్కన్ అనే భాషలోకి మార్చే డీఎక్సువీకే అనే ప్రోగ్రామును ఫిలిప్ రెబోలె అప్పటికే వ్రాస్తున్నాడు. నీయర్: ఆటోమాటా అనే ఒక ఆటను లైనక్సుపై ఆడాలన్న కోరికతో మొదలుపెట్టిన పని అది. వైన్‌ను, దాన్ని కలిపి 2018 ఆగస్టులో ప్రోటాను అనే పేరుతో విడుదల చేశారు. 2022 ఫిబ్రవరిలో స్టీమ్ డెక్ వచ్చింది. చేతిలో పట్టే ఆ యంత్రం లోపల ఉన్నది లైనక్సే. ఆడే పిల్లల్లో చాలామందికి ఆ సంగతి తెలియదు, తెలియవలసిన అవసరమూ రాలేదు.

అన్ని తలుపులూ తెరుచుకోలేదు. అనేకులు కలిసి పోటీగా ఆడే ఆటలకు కాపలా ప్రోగ్రాములు ఉంటాయి, మోసం చేసేవారిని పట్టడానికి. 2021లో వాటిలో పేరున్న రెండు ప్రోటానుకు సాయం ప్రకటించాయి. కాని ఆట యజమాని ఒప్పుకోవాలి. ఫోర్ట్‌నైటువారు ఒప్పుకోలేదు. ఎపెక్స్ లెజెండ్సువారు ముందు ఒప్పుకొని, మోసాలు పెరిగాయని చెప్పి 2024లో తలుపు మూశారు. లైనక్సులో యజమాని దేనినైనా మార్చుకోగలడు గనుక కాపలావానికి అనుమానం. పరీక్షల కాపలా కాసినవాళ్లం, ఆ బాధ మాకు తెలుసు. అయినా, వీని ఇంటికి తలుపులు ఎక్కువని పిల్లవానిని పరీక్షకే రానివ్వకపోవడం మాకు న్యాయంగా తోచదు.

లోకీ మూతపడినా దానితోనే పోనిది ఒకటి ఉన్నది. 1998లో శామ్ లాంటింగా వ్రాసిన ఎస్‌డీఎల్ అనే పనిముట్ల పెట్టెను, ఏ యంత్రంపైనైనా బొమ్మ, శబ్దం, మీటలు ఒకే తీరున నడిపించే దాన్ని, లోకీవారు వాడి పెంచి లోకానికి వదిలారు. నేడు అది ఎన్నో ఆటల లోపల ఉన్నది. ప్రిన్సు ఆఫ్ పర్షియా కూడా దానిపై లేచింది. మెక్నరు పోయిందనుకొన్న మూలవ్రాత డిస్కులు 2012లో ఆయన తండ్రి ఇంట్లో దొరికాయి, వాటిని ఆయన అందరికీ చూపించాడు. అది ఆపిల్ యంత్రానిది. డాసు రకాన్ని మాత్రం కొందరు అభిమానులు లోపలి యంత్రభాష విప్పి చదివి, మళ్లీ వ్రాసి, ఎస్‌డీఎల్‌పాప్ అని పేరు పెట్టారు.

మా మనుమడు ఇప్పుడు దానినే ఆడుతున్నాడు. ఆట హక్కులు యజమానులవే గనుక, అసలుది కొందామని వెతికాము. మా ఊరి ఏ దుకాణంలోనూ దొరకలేదు. మొన్న వాడు ఆడుతూ ఆడుతూ తల తిప్పకుండానే అడిగాడు: "తాతా, ఇది నువ్వు కొన్నావా?" సొరుగు కథ మొత్తం చెప్పాము. "అయితే వాళ్లకు డబ్బు బాకీ ఉన్నావన్నమాట" అన్నాడు. అవునన్నాము. ఏదో అనబోయాడు గాని, అరవై నిమిషాల గడియారం నడుస్తూనే ఉన్నది, మళ్లీ ఆటలో పడ్డాడు. మూడో అంకంలో లేచి నిలబడే అస్థిపంజరాన్ని వాడు ఇంకా దాటలేదు. కత్తితో అది చావదని, గోతిలోకి నెట్టాలని మేము చెప్పలేదు.