నష్టం ఒక్కరిది, వసూలు ఊరందరిది: తెలుగు పల్లెల్లో ఆత్మహత్యల సామాజిక మూలాలు

జిల్లా పేజీలు రోజూ చదివే అలవాటున్నవారికి ఒక వాక్యం బాగా పరిచయం: కడుపునొప్పి భరించలేక బలవన్మరణం. చనిపోయింది కొత్తగా పెళ్లయిన అమ్మాయి కావచ్చు, ఇద్దరు బిడ్డల తండ్రి కావచ్చు. కడుపునొప్పి మాత్రం మారదు. రోగంతో వేగలేక ప్రాణం తీసుకున్నవారు లేరని కాదు. కానీ ఇన్ని ఊళ్లలో ఇంతమందికి అదే నొప్పి రావడం వైద్యుల కన్నా సమాజశాస్త్రం పట్టించుకోవాల్సిన విషయం. శవ పంచనామా రాసే పోలీసు కారణమేమిటని అడుగుతాడు. ఇంటివాళ్లకు పరువు భయం, కేసు భయం. పోస్టుమార్టం త్వరగా ముగిసి శవం ఇంటికి చేరితే చాలనుకుంటారు. ఎవరి మీదా నింద పడని మాట ఒకటి కావాలి. కడుపునొప్పి ఆ పని చేసి పెడుతుంది.

ఆ మాటే స్టేషన్ నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి, చివరికి జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా వేసే నివేదికకు చేరుతుంది. 2021 నివేదిక ప్రకారం దేశంలో ఆత్మహత్యలకు కుటుంబ సమస్యలు 33.2 శాతం, అనారోగ్యం 18.6 శాతం కారణం. దివాలా, అప్పులు కలిపి 3.9 శాతమే. దీన్ని చూపించి, అప్పుతో చనిపోయేవారు నూటికి నలుగురే కదా అనేవారున్నారు. అప్పులవాళ్లు వచ్చి వాకిట్లో కూర్చుని వెళ్లాక, ఆ రాత్రి మొగుడూ పెళ్లాల మధ్య మాటామాటా పెరిగి, తెల్లారేసరికి ఒకరు లేకపోతే ఆ చావును ఏ గడిలో వేస్తారు? కుటుంబ సమస్యల్లోనే. గడి అబద్ధం చెప్పడం లేదు. చివరి గంటను మాత్రమే రాసుకుంటోంది.

ఆ చివరి గంటకు ముందున్న ముప్పై ఏళ్ల గురించే ఈ వ్యాసం. తెలుగు పల్లెల్లో ఆత్మహత్యలకు పేదరికం, అప్పు అనే రెండు మాటలు సరిపోవని, ఒకప్పుడు ఊరు ఉమ్మడిగా మోసిన నష్టం విడిపోయి ఒక్కో మనిషి నెత్తిన పడిన తీరే అసలు మూలమని ఇక్కడ నా వాదన.

లెక్కలు, గళ్లు

దేశంలో లక్ష జనాభాకు ఆత్మహత్యల రేటు 2010లో 11.4. అది 2017 నాటికి 9.9కి దిగింది. 2021లో 12కు, 2022లో 12.4కు ఎక్కింది. 2022లో నమోదైన మరణాలు 1,70,924. అదే ఏడాది తెలంగాణ రేటు 26.3 కాగా బిహార్ రేటు ఒకటిలోపే. బిహార్‌లో కష్టాలు తక్కువని ఎవరూ అనరు, తక్కువైంది నమోదు. అలాగని దక్షిణాది రేటంతా నమోదు మహిమే అని కొట్టేయడానికీ వీల్లేదు. పోలీసు లెక్కల మీద ఆధారపడకుండా, ఇంటింటికీ వెళ్లి మరణ కారణాలు సేకరించిన సర్వే ఆధారంగా విక్రమ్ పటేల్ బృందం 2012లో లాన్సెట్ పత్రికలో అంచనాలు ప్రచురించింది. 2010లో పోలీసు లెక్క 1.35 లక్షలుంటే వారి అంచనా 1.87 లక్షలు. దేశ జనాభాలో 22 శాతమున్న నాలుగు దక్షిణాది రాష్ట్రాల్లోనే పురుషుల ఆత్మహత్యల్లో 42 శాతం, స్త్రీలవి 40 శాతం జరిగాయని వారు తేల్చారు.

వృత్తుల పట్టిక ఇంకా ఆసక్తికరం. 2013లో దేశంలో చనిపోయిన రైతులు 11,772 మంది. మరుసటి ఏడాది 5,650. ఒక్క ఏడాదిలో సగమయ్యారు! పొలంలో ఏమీ మారలేదు, మారింది ఫారం. 2014 నుంచి వ్యవసాయ కూలీలకు వేరే గడి పెట్టారు. ఆ ఏడాది అందులో 6,710 మంది తేలారు. వ్యవసాయేతర దినకూలీల గడి చూస్తే 2014లో 15,735 మంది ఉన్నారు. 2019కి 32,563 మందయ్యారు, 2021కి 42,004 మంది. అంటే ఆ ఏడాది దేశంలో ఆత్మహత్య చేసుకున్న ప్రతి నలుగురిలో ఒకరు దినకూలీ. కరోనా దీన్ని ఎగదోసింది నిజమే, కానీ కరోనాకు ముందే రెట్టింపయిందన్నది మరువరాదు. ఖరీఫ్‌లో కౌలుకు పత్తి వేసి, వేసవిలో హైదరాబాద్ వచ్చి అడ్డా మీద నిలబడే మనిషిని ఏ గడిలో రాయాలి? నిబంధన ప్రకారం కౌలుకు సాగుచేసేవారూ రైతులే. స్టేషన్లో మాత్రం పాసుపుస్తకం ఉందా అన్నదే మొదటి ప్రశ్న.

చెరువు, బోరు

అప్పు సంగతి చూద్దాం. 2019 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం వ్యవసాయ కుటుంబాల్లో అప్పున్నవి ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం. దేశ సగటు 50.2. కుటుంబానికి సగటు అప్పు ఆంధ్రలో 2,45,554 రూపాయలు, ఇది దేశంలోనే ఎక్కువ. తెలంగాణలో 1,52,113. అప్పు మొత్తమే మనుషుల్ని చంపుతుందంటే ఆత్మహత్యల రేటు ఆంధ్రలో ఎక్కువుండాలి. ఉన్నది తెలంగాణలో. కాబట్టి అప్పు ఎంత అని కాక, ఎవరి దగ్గర, దేనికి, ఏ ధైర్యంతో చేసిన అప్పు అని అడగాలి. సమాజశాస్త్రవేత్త ఎమిల్ డర్కైమ్ 1897లో ఆత్మహత్య మీద పుస్తకం రాసినప్పుడే పేదరికం ఒక విధంగా మనిషిని కాపాడుతుందని గమనించాడు. ప్రమాదం లేమితో కాదు, పట్టు తప్పడంతో వస్తుందన్నది ఆయన మాట సారాంశం.

తెలంగాణ పల్లెల్లో ఆ పట్టు నీళ్ల దగ్గర తప్పింది. చెరువు కింద సాగుకు తూము ఉండేది, తూముకు నీరటి ఉండేవాడు. వాన తక్కువైన ఏడు ఆయకట్టులో ఎంత మేర తడపాలో ముందే అనుకుని, ఉన్న నీటిని దామాషాగా పంచుకునేవారు. ఈ ఏర్పాటును తియ్యగా తలుచుకోవాల్సిన పనిలేదు. ఆ పంపకంలో కులం ఉంది, దొర ఉన్నాడు, చివరి మడి దళితుడిదైతే అక్కడికి నీళ్లు చేరిన దాఖలాలూ తక్కువే. కానీ ఒకటి నిజం. చెరువు ఎండితే దాన్ని కరువన్నారు. కరువు ఊరిది. అది వచ్చినందుకు ఎవరూ తలదించుకోనక్కర్లేదు.

చెరువులు పూడిపోయి బోర్లు వచ్చాక ఈ లెక్క తలకిందులైంది. బోరు ఫెయిలైతే కరువు కాదు, నీ బోరు ఫెయిలైంది. పక్క చేను రైతు బోరు పోస్తూనే ఉంటుంది. మొదటిది పడలేదు, రెండోది దుమ్ము లేపింది, మూడోదానికి భార్య పుస్తెలు కుదువకు వెళ్లాయి. ఈ వరుసలో ప్రతి మెట్టూ ఆ మనిషి తీసుకున్న నిర్ణయంలాగే కనిపిస్తుంది, బయటివాళ్లకూ, అతనికీ. తెలంగాణను ఆనుకుని ఉన్న బీదర్ జిల్లా ఆత్మహత్యలపై 1999లో వ్యాసం రాసిన ఎ.ఆర్. వాసవి, సాగులోని ప్రమాదం వ్యక్తిగతమైపోవడమే కీలకమని గుర్తించారు. నేను దానికి చేర్చేది ఒక్కటే. ప్రమాదంతో పాటు సిగ్గు కూడా వ్యక్తిగతమైంది.

విత్తనం కథా ఇదే. 1997-98లో వరంగల్ పత్తి చేలను లద్దె పురుగు, పచ్చ పురుగు ఊడ్చేసినప్పుడు వందల మంది ప్రాణాలు తీసుకున్నారు. తెలుగు నేలపై రైతు ఆత్మహత్య అనే మాట పత్రికల్లో స్థిరపడింది అప్పుడే. ఏ మందు కొట్టాలో, ఎన్నిసార్లు కొట్టాలో చెప్పింది వ్యవసాయాధికారి కాదు, మందుల షాపతను. అప్పిచ్చింది అతనే, పంట ఎవరికి తూకం వేయాలో నిర్ణయించిందీ చాలాచోట్ల అతనే. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక పచ్చ పురుగు కొన్నేళ్లు వెనక్కి తగ్గింది, తర్వాత గులాబీ రంగు పురుగు వచ్చింది. వెనకటి రైతుకు విత్తనం ఇంట్లో గాదె నుంచో పక్కింటి నుంచో వచ్చేది. అనుభవం దాంతోపాటే వచ్చేది. ఇప్పుడు ప్యాకెట్ వస్తుంది. అది మొలవకపోతే ఎవరిని అడగాలో పక్కింటివాడికీ తెలియదు.

కాగితం లేని సాగు

ఈ ఒంటరి నష్టం అందరికన్నా ఎక్కువగా పడేది కౌలు రైతు మీద. భూమి ఒకరిది, చెమట ఒకరిది అన్నంత సులువుగా దీన్ని వదిలేయకూడదు. కాగితాలు ఎలా పనిచేస్తాయో చూడాలి. బ్యాంకు పంట రుణం పట్టా మీద ఇస్తుంది. పంట నష్టపరిహారం పట్టా మీద వస్తుంది. 2018 మేలో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన రైతుబంధు ఎకరానికి పంటకు 4,000 రూపాయలు, తర్వాత 5,000 ఇచ్చింది. అదీ పట్టాదారుకే. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన రైతుబీమా, పాసుపుస్తకం ఉన్నవారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు ఇచ్చే పథకం. మంచి పథకమే. కానీ దీనివల్ల పట్టా ఉన్న ఇంటికి అది రైతు ఆత్మహత్య అని నిరూపించుకునే అవసరం పోయింది, పట్టా లేని ఇంటికి నిరూపించుకునే దారి దాదాపు మూసుకుపోయింది. రెండు వైపులా లెక్క తగ్గింది.

పూర్వం పహాణీలో పట్టాదారు పేరు పక్కన అనుభవదారు అని ఒక గడి ఉండేది. నేల దున్నుతున్నదెవరో అందులో రాసేవారు. 2017లో మొదలైన భూరికార్డుల ప్రక్షాళన తర్వాత కొత్త పాసుపుస్తకాల్లో, ధరణి భూరికార్డుల పోర్టల్‌లో ఆ గడి లేకుండా పోయింది. చచ్చిపోయాక కారణం అడిగే గడి ఉంది. బతికి సాగుచేస్తున్నప్పుడు పేరు రాసుకునే గడి పోయింది. 2014 నుంచి 2018 వరకు తెలంగాణలో ఆత్మహత్య చేసుకున్న రైతుల కుటుంబాల్లో 692 కుటుంబాలను టాటా సామాజిక శాస్త్రాల సంస్థ విద్యార్థులతో కలిసి రైతు స్వరాజ్య వేదిక సర్వే చేస్తే 520 కుటుంబాలు కౌలు చేసినవేనని తేలింది. అంటే నాలుగింట మూడొంతులు.

కౌలు ముందే ఇచ్చేయాలి. ఎకరానికి వేలల్లో ఉండే ఆ మొత్తం పంట చేతికి రాకముందే పోతుంది. బ్యాంకు తలుపు తీయదు కాబట్టి నూటికి రెండు రూపాయల మిత్తి, గడువు దాటితే మూడు. రెండు రూపాయలంటే వినడానికి చిన్నమాట. అది నెలకు. ఏడాదికి ఇరవై నాలుగు. మూడయితే ముప్పై ఆరు. ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టేటప్పుడు ఈ హెచ్చవేత తెలియక కాదు, అవతల విత్తనం అదను దాటిపోతుంది కాబట్టి పెడతారు. సొంతభూమి ఉన్న రైతు మరీ మునిగిపోతే ఎకరం అమ్ముతాడు. కౌలు రైతుకు అమ్ముకోవడానికి ఏదీ ఉండదు.

వసూలు వేళకు ఊరు తిరిగొస్తుంది

నష్టంలో కనిపించని ఊరు వసూలులో మాత్రం నిండుగా కనిపిస్తుంది. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను కుదిపేసిన సూక్ష్మరుణాల సంక్షోభం దీనికి తిరుగులేని సాక్ష్యం. వారం వారం కిస్తీ. ఒక సభ్యురాలు కట్టకపోతే మిగతావాళ్లంతా బాధ్యులు. ఏజెంటు అరవనక్కర్లేదు. గ్రూపు ఆడవాళ్లందరినీ ఆమె వాకిట్లో కూర్చోబెడితే చాలు. నిన్నటిదాకా వదినా అని పిలిచిన నోరే ఇవాళ నలుగురిలో నిలదీస్తుంది. ఆత్మహత్యల వార్తలు వరుసగా రావడంతో ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఉమ్మడి బాధ్యత అనే మాటను ఇంత క్రూరంగా వాడుకున్న సందర్భం మన గ్రామీణ చరిత్రలో అరుదు. పదేళ్లకు, 2020 చివర్లో, లోన్ యాప్‌లు అదే సూత్రాన్ని సెల్‌ఫోన్‌లోకి తెచ్చాయి. ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ, అత్తగారికీ ఆఫీసులో పై అధికారికీ, ఫలానావాడు దొంగ అని మెసేజ్ వెళ్తుంది. ఈసారి పోయినవారు చదువుకున్నవారు, ఉద్యోగాలు చేస్తున్నవారు. పత్తికీ బోరుకూ సంబంధం లేనివాళ్లు. అందుకే ఈ సమస్యను సాగు సంక్షోభమనే పేరుతో మాత్రమే పిలవడం నాకు ఇష్టం లేదు.

స్త్రీల విషయంలో గడి చేసే మోసం రెండింతలు. 2021లో ఆత్మహత్య చేసుకున్నవారిలో 23,179 మంది గృహిణులని నివేదిక చెబుతుంది. వాళ్లలో పత్తి ఏరిన చేతులెన్నో, కలుపు తీసిన నడుములెన్నో ఆ పట్టిక చెప్పదు. భూమి పేరు మీద లేని ఆడమనిషి రైతు కాదు. డర్కైమ్ కూడా అతి కట్టడి వల్ల ఊపిరాడక జరిగే ఆత్మహత్యను ఒక పాదసూచికలో ముగించేశాడు. మన దగ్గర ఆ పాదసూచిక ఎంత పెద్దదంటే, 2016లో ప్రపంచంలో జరిగిన స్త్రీల ఆత్మహత్యల్లో 36.6 శాతం భారతదేశానివే. ఇక భర్త పోయిన కౌలు రైతు భార్య సంగతి. పొలం పోతుంది, అప్పు మాత్రం ఆమె పేరు మీదికి మారుతుంది, ఏ కాగితం లేకుండానే. 2004లో ఇచ్చిన జీవో 421 ప్రకారం పరిహారం రావాలంటే ఆ చావు నిజంగా రైతు ఆత్మహత్యేనని రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ అధికారుల కమిటీ తేల్చాలి. అప్పు రుజువులు కావాలి. వడ్డీ వ్యాపారి రుజువు రాసిస్తాడా? పాలేరుగా కూడా కాగితం లేని మనిషి రైతుగా చచ్చిపోయాడని నిరూపించే బాధ్యత, సాధారణంగా ఇంటర్ కూడా దాటని ఒక ఆడమనిషి మీద పడుతుంది.

ఒక అభ్యంతరాన్ని ఇక్కడ ఒప్పుకోవాలి. సామాజిక మూలాలు మారకుండానే మరణాలు తగ్గించవచ్చని శ్రీలంక చూపించింది. 1995లో లక్షకు 47 దాకా ఉన్న అక్కడి రేటు, అత్యంత విషపూరితమైన పురుగుమందులను దశలవారీగా నిషేధించాక పదేళ్లలో దాదాపు సగానికి పడింది. అప్పులు తీరిపోలేదు, కాపురాలు చక్కబడలేదు. ఆ ఒక్క ఘడియ దాటించగలిగితే చాలామంది బతుకుతారని తేలింది. కేంద్రం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ (14416) వంటి సేవల విలువ ఆ ఘడియలోనే ఉంది. మూలాల గురించి రాసేవాళ్లం దీన్ని చిన్నచూపు చూడకూడదు. నేనూ కొన్నాళ్లు చూశాను.

మూలాల వైపు జరిగిన ప్రయత్నాలు కాగితం దగ్గరే ఆగాయి. 2011లో ఉమ్మడి రాష్ట్రం కౌలు రైతులకు రుణ అర్హత కార్డుల చట్టం చేసింది. 2019లో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చింది. దీని ప్రకారం కార్డు పదకొండు నెలలు చెల్లుతుంది, భూ యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. భూమి మీద ఏ హక్కూ రాదని చట్టమే చెబుతున్నా, కౌలుదారు పేరు ఒకసారి కాగితమెక్కితే ఎప్పటికైనా చిక్కేనన్న భయం యజమానులకు 1950ల కౌలుదారీ చట్టాల నాటి నుంచీ ఉంది. కౌలు రైతు ఫారం పట్టుకుని యజమాని ఇంటికి వెళ్తాడు. సంతకం కావాలని అడగాలి. వచ్చే ఉగాదికి ఈ నేల మళ్లీ తనకే ఇమ్మనీ అడగాలి. రెండూ ఒకే గడపలో, ఒకే మనిషిని. చాలామంది రెండోదే అడిగి, ఫారం మడిచి జేబులో పెట్టుకుని వస్తారు.