గాజుపలక మీద మతిమరుపు

తాకేటాలో మా పెద్దమ్మ బజారుకి వెళితే బేరం బర్మీసులో, తిట్లు తెలుగులో. పజుందాంగ్ కాలువ మీది వంతెన దాటి రంగూన్ ఊళ్లోకి వెళ్లొచ్చినంత తేలిగ్గా ఆవిడ ఆ రెండు భాషల మధ్యా తిరిగేది. తాకేటా మరీ పాత ఊరేం కాదు. 1958-60 మధ్య నే విన్ ఆపద్ధర్మ ప్రభుత్వం రంగూన్ చుట్టూ వేయించిన కొత్త పేటల్లో అదొకటి. 1964లో దుకాణాలు జాతీయం చేశాక మనవాళ్లు వేలకు వేలు ఓడలెక్కేశారు. పెద్దమ్మ ఎక్కలేదు. "ఆడికెళ్లి ఏటి సేస్తాం, మనకి తెలిసింది ఈ ఊరే" అందిట.

చివరి నాలుగేళ్లలో ఆ తెలిసిన ఊరే ఆవిడకి తెలియకుండా పోయింది. ముందు బజార్లో చేపల పేర్లు, తరవాత వీధి పేరు, ఆ తరవాత ముప్ఫై ఏళ్లుగా పక్కింట్లో ఉంటున్న ఆవిడ పేరు. బర్మీసు మొత్తం ఊడ్చుకుపోయి శ్రీకాకుళం యాస ఒక్కటే మిగిలింది. చిత్రమేమిటంటే ఆవిడ పుట్టింది రంగూన్‌లోనే, శ్రీకాకుళం ఎలా ఉంటుందో చూడనే లేదు.

పక్కింటివాళ్లు దీన్ని "తఙే ప్యన్" అన్నారు. మళ్లీ చిన్నపిల్ల అయిపోవడం అని అర్థం. మనవాళ్లు చాదస్తం అన్నారు. మా అక్క మాత్రం మొండితనం అనుకుంది. అన్నం తిన్న చెయ్యి ఆరకముందే "నాకు కూడెట్టలేదు" అని తల్లి వీధిలో చెబుతుంటే, పాపం అది మాత్రం ఏమనుకుంటుంది? కేకలేసేది. నేను సెలవుకి వెళ్లినప్పుడు వంటింట్లో నన్ను పట్టుకుంది. "తమ్ముడూ, నువ్వు కంప్యూటర్లు సదువుకున్నోడివి. అమ్మ బుర్రలో ఏటి పాడైపోయిందో సెప్పు. నిజంగా మర్సిపోతందా, నన్నేడిపించడానికి నాటకమా?"

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తరవాత వెతుక్కుంటే, ఆ జవాబు దొరకడానికి డాక్టర్లకే దాదాపు డెబ్భై ఏళ్లు పట్టిందని తెలిసింది. ఆ కథే ఇది.

1901 నవంబరులో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ పిచ్చాసుపత్రికి ఆగుస్టె డేటెర్ అనే ఆవిడని తీసుకొచ్చారు. వయసు 51. పేరేమిటని అడిగితే ఆగుస్టె అంది. మొగుడి పేరేమిటని అడిగినా ఆగుస్టె అనే అంది. పంది మాంసం, కాలీఫ్లవర్ తింటూ ఏం తింటున్నావంటే పాలకూర అంది. ఇదంతా దగ్గర కూర్చుని రాసుకున్న డాక్టరు పేరు ఆలోయిస్ ఆల్జైమర్. ఆయన తరవాత మ్యూనిక్ వెళ్లిపోయినా ఆవిణ్ణి మరిచిపోలేదు. 1906 ఏప్రిల్లో ఆవిడ పోయిందని కబురందగానే కేసు కాగితాలూ, మెదడూ తెప్పించుకున్నాడు.

మెదడుని ఊరికే సూక్ష్మదర్శిని కింద పెడితే పెద్దగా ఏమీ కనిపించదు. పల్చటి పొరలుగా కోసి, గాజుపలకల మీద పరిచి, రంగు పట్టించాలి. అంతకు మూడు నాలుగేళ్ల ముందే బీల్‌షోవ్‌స్కీ అనే ఆయన వెండి లవణాలతో రంగు పట్టించే పద్ధతి కనిపెట్టాడు. ఫొటో కాగితం మీద బొమ్మని నల్లగా తేల్చేదీ ఆ వెండే. ఆ నలుపులో ఆల్జైమర్‌కి రెండు కనిపించాయి. ఒకటి, నరాల కణాల లోపల ఉండచుట్టుకుపోయిన దారాలు. కొన్నిచోట్ల కణం చచ్చి మాయమైపోయి, ఆ దారాల చిక్కు ఒక్కటే మిగిలి ఉంది. రెండోది, కణాల మధ్య ఎవరో చోళ్లు చల్లినట్టు మచ్చలు. 1906 నవంబరు 3న ట్యూబింగెన్ సభలో ఆయన ఇదంతా చెప్పాడు. ఒక్కరూ ఒక్క ప్రశ్నైనా అడగలేదు.

ఆ పనిలో ఆయన ఒంటరి కాదు. మ్యూనిక్‌లో ఆయన దగ్గర పనిచేసిన విదేశీయుల్లో సాలమన్ కార్టర్ ఫుల్లర్ ఒకడు. లైబీరియాలో పుట్టి, అమెరికా వలస వెళ్లి డాక్టరైన నల్లజాతివాడు. అమెరికాలో ఈ జబ్బు మీద తొలి వ్యాసాలు రాసినవాళ్లలో ఆయనొకడు. ప్రాగ్‌లో ఓస్కార్ ఫిషర్ 1907లోనే, ముసలితనంలో మతిపోయిన 16 మంది మెదళ్లు కోసి, 12 మందిలో ఆ మచ్చలే చూశాడు. యూదుడు కావడంతో ఆయన్ని నాజీలు పట్టుకెళ్లారు. 1942లో టెరెజీన్ చెరలో పోయాడు. ఆయన పేరు చాలాకాలం ఎవరికీ గుర్తులేదు.

1910లో ఆల్జైమర్ పై అధికారి క్రేపెలిన్ తన పాఠ్యపుస్తకంలో ఈ జబ్బుకి శిష్యుడి పేరు పెట్టాడు. పేరుతోపాటు ఒక గోడ కూడా కట్టాడు. నడివయసులో మతిపోతే అది ఆల్జైమర్ జబ్బు, అరుదైనది. ముసలితనంలో పోతే అది వేరు, వయసుతో వచ్చేది. ఫిషర్ చూసిన ముసలివాళ్లు గోడకి అవతల ఉండిపోయారు. మా పెద్దమ్మలాంటి వాళ్లంతా అవతలే. మన ఇళ్లలో "ముసలాళ్లకి మామూలే" అన్న మాటని అర్ధశతాబ్దం పాటు డాక్టర్లు కూడా అన్నారన్నమాట.

ఆ గోడ కూల్చింది మళ్లీ గాజుపలకలే. ఇంగ్లండులో న్యూకాజిల్ డాక్టర్లు బ్లెస్డ్, టామ్లిన్‌సన్, రాత్ ఒక ఓపికైన పని చేశారు. ముసలివాళ్లు బతికుండగానే వాళ్లకి మతి ఎంతవరకు పోయిందో మార్కులు వేసి పెట్టుకున్నారు. పోయాక మెదడులో మచ్చలు లెక్కపెట్టారు. మచ్చలు పెరిగేకొద్దీ మతి తగ్గిందని 1968లో తేల్చారు. వయసు వేరైనా మచ్చలు అవే. 1976లో న్యూయార్క్ న్యూరాలజిస్టు రాబర్ట్ కాట్జ్‌మన్ రెండూ ఒకటే జబ్బని గట్టిగా రాశాడు. అంతవరకూ అరుదు అనుకున్నది ఒక్కసారిగా ప్రపంచంలోని పెద్ద జబ్బుల్లో ఒకటైపోయింది.

ఆ మచ్చలు దేనితో అయ్యాయో 1980ల్లో తెలిసింది. కణాల మధ్య పేరుకునేది బీటా అమిలాయిడ్ (1984, గ్లెన్నర్, వాంగ్). లోపల చిక్కుపడేది టావ్ అనే ప్రొటీను. 1991లో, ఆగుస్టె ఉన్న ఆ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే, హైకో బ్రాక్, ఈవా బ్రాక్ అనే దంపతులు 83 మెదళ్లు పరీక్షించి, చిక్కులు ఎక్కడ మొదలై ఎటు పాకుతాయో ఆరు మెట్లుగా గీశారు. మొదలయ్యేది కణతల లోపలి వైపు, హిప్పోకాంపస్ గుమ్మం దగ్గర. ఇవాళ జరిగింది రేపటికి దాచిపెట్టే చోటు అది. పైకి ఏ తేడా కనపడని మనుషుల్లో కూడా మొదటి మెట్లు కనిపించాయి. అంటే మతిమరుపు బయటపడడానికి ఏళ్ల ముందే జబ్బు లోపల మొదలైపోతుంది.

అక్కకి కావలసిన జవాబు ఇక్కడుంది. పెద్దమ్మ అన్నం తిన్న సంగతి దాచుకునే గది ముందే చెడిపోయి ఉంటుంది. అబద్ధం ఆడడానికైనా నిజం గుర్తుండాలి కదా. చిన్నప్పుడు అమ్మ ఒళ్లో నేర్చిన తెలుగు ఎన్నోచోట్ల వేళ్లు దిగి, చివరిదాకా నిలిచి ఉంటుంది.

అయితే మచ్చలతోనే అంతా తేలిపోదు. అమెరికాలో డేవిడ్ స్నోడన్ 678 మంది క్రైస్తవ సన్యాసినులని ఏళ్ల తరబడి పరీక్షించాడు. వాళ్లంతా చనిపోయాక మెదడు ఇస్తామని ఒప్పుకున్నవాళ్లే. మెదడు నిండా మచ్చలున్నా, చివరిదాకా చురుగ్గా ఉన్నవాళ్లు కొందరు అందులో తేలారు. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగుల్ని చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్లకి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడిందని 2013లో రాసింది. కాదన్న పరిశోధనలూ ఉన్నాయి. నాకు మాత్రం తాకేటా బజారు గుర్తొచ్చింది.

మన దేశంలో ఈ పనికి బెంగుళూరు నిమ్హాన్స్‌లో డాక్టర్ సుసర్ల కృష్ణ శంకర్ పూనుకుని 1995లో మెదళ్ల బ్యాంకు పెట్టించారు. అందులో జమ చేసేది కుటుంబాలే, అదీ ఏడుపు ఆగని గంటల్లో. మనవాళ్లకి ఇది మింగుడుపడే మాట కాదు. కాలిస్తే ఒళ్లంతా కాలాలంటారు.

ఇప్పుడు బతికుండగానే అమిలాయిడ్‌ని చూపించే స్కాన్లు వచ్చాయి. 2025 మేలో అమెరికా ఎఫ్.డి.ఏ. మొదటి రక్తపరీక్షకీ అనుమతి ఇచ్చింది. జబ్బుని కాస్త నెమ్మదింపజేసే మందులు రెండు ఉన్నాయి, నయం చేసేది లేదు. ఆ స్కాన్లు చెప్పేది నిజమేనని నమ్మడానికి కూడా, స్కాన్ తీయించుకుని తరవాత పోయినవాళ్ల మెదళ్లు తెరిచి సరిపోల్చుకోవలసి వచ్చింది.

పెద్దమ్మని దహనం చేశాం. ఆవిడ మెదడులో ఉన్నది సరిగ్గా అదేనా అని ఇంక ఎవరూ చెప్పలేరు. లక్షణాలని బట్టి డాక్టరు చెప్పిన మాటే మాకు మిగిలింది.

మొన్న వెళ్లినప్పుడు ఇదంతా అక్కకి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "నాది ఇచ్చీవచ్చా?" అంది. కొద్ది గంటల్లోనే తీసి భద్రం చెయ్యాలక్కా, తాకేటా నుంచి బెంగుళూరంటే అయ్యే పని కాదన్నాను. ఇంకాసేపాగి, "ఆ జర్మనీ ఆవిడకి పిల్లలున్నారా?" అంది.

ఒక కూతురుందన్నాను.

"అయితే ఆ పిల్లా తిట్టీ ఉంటాది" అంది అక్క.