గోధుమ పంటలో నత్రజని, పొటాష్: బ్రాడ్‌బాక్ ప్రయోగ చరిత్ర – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ఇంగ్లండులోని హార్పెండెన్ సమీపాన గల రోథామ్‌స్టెడ్ క్షేత్రంలో, బ్రాడ్‌బాక్ అనే పొలంలో 1843 శరత్కాలంలో గోధుమ విత్తారు. అప్పుడు ఆరంభమైన ఎరువుల ప్రయోగం నేటికీ కొనసాగుతోంది. గోధుమకు నత్రజని అవసరమని అక్కడ కొద్ది సంవత్సరాలలోనే రుజువైంది. పొటాష్ అవసరం పూర్తిగా తేటతెల్లం కావడానికి దశాబ్దాలు పట్టింది. ఈ వ్యత్యాసానికి గల కారణాలను, దాని ప్రాధాన్యాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

నత్రజని వివాదం

పంటతో పాటు తరలిపోయే ఖనిజ లవణాలను తిరిగి నేలకు చేర్చడమే ముఖ్యమని, నత్రజని గాలిలోని అమ్మోనియా రూపంలో మొక్కకు అందుతుందని జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ 1840ల నాటి రచనలలో వాదించాడు. ఈ వాదాన్ని పొలంలో పరీక్షించినవారు జాన్ బెన్నెట్ లాస్, జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్. గిల్బర్ట్ గీసెన్‌లో లీబిగ్ వద్దనే చదువుకున్నవాడు. లాస్ 1842లో సూపర్ ఫాస్ఫేట్‌పై పేటెంట్ పొందిన ఎరువుల వ్యాపారి. అయినప్పటికీ గురువు సిద్ధాంతానికి గాని, వ్యాపార ప్రయోజనానికి గాని అనుకూలం కాని ఫలితాన్నే వారు ప్రకటించారు. ఖనిజ లవణాలు మాత్రమే వేసిన మడిలో దిగుబడి స్వల్పంగానే పెరిగింది. వాటికి అమ్మోనియం లవణాలు చేర్చిన మడులలో గణనీయంగా పెరిగింది.

1852 నాటికి మడుల ఏర్పాటు చాలావరకు స్థిరపడింది. హెక్టారుకు 48, 96, 144 కిలోల చొప్పున నత్రజని వేయగా మోతాదుతో పాటు దిగుబడి కూడా పెరిగింది. అయితే చివరి మోతాదుకు లభించిన పెరుగుదల ముందటి వాటికంటే తక్కువ.

పొటాష్ ప్రాధాన్యం

నత్రజని, భాస్వరం మాత్రమే వేసిన మడికి, వాటితో పాటు పొటాష్ కూడా వేసిన మడికి మధ్య అంతరం కాలక్రమంలో విస్తరించింది. అక్కడి బంకనేల తన ఖనిజాలలోని పొటాషియంను నెమ్మదిగా విడుదల చేస్తుంది. అందువల్ల లోటు వెంటనే బయటపడలేదు. పంట గ్రహించిన నత్రజనిలో అధికభాగం గింజలోను, పొటాషియంలో అధికభాగం గడ్డిలోను ఉంటుంది. ఈ మడుల నుంచి గింజతో పాటు గడ్డిని కూడా తరలించేవారు. నత్రజని వల్ల పైరు ఏపుగా పెరిగినకొద్దీ నేలలోని పొటాషియం మరింతగా తరిగింది. అంటే నత్రజని సాధించిన విజయమే పొటాష్ కొరతకు దారితీసింది. ఆ కొరత ఏర్పడిన తరువాత వేసిన నత్రజనిని పైరు పూర్తిగా వినియోగించుకోలేదు. మిగిలినది నైట్రేట్‌గా మారి నీటితో కొట్టుకుపోతుంది. బ్రాడ్‌బాక్ మడుల నుంచి వెలుపలికి పారే నీటిని 1860లలో విశ్లేషించిన ఆగస్టస్ వోల్కర్ ఈ నష్టాన్ని గుర్తించాడు.

భారతీయ సందర్భం

ఆయన కుమారుడు జాన్ ఆగస్టస్ వోల్కర్ భారతదేశంలో పర్యటించి, 1893లో ఇక్కడి వ్యవసాయంపై నివేదిక ప్రచురించాడు. పేడను వంటచెరకుగా కాల్చడం వల్ల నేలకు కలిగే నష్టాన్ని అందులో ప్రస్తావించాడు. దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాలను భారత వ్యవసాయ పరిశోధన మండలి 1970లో అఖిల భారత స్థాయిలో చేపట్టింది. 1992లో భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలపై నియంత్రణ తొలగించి, యూరియాపై మాత్రం కొనసాగించడంతో ఎరువుల వాడకం నత్రజని వైపు మొగ్గింది.

ముగింపు

ఒకటి రెండు పంటల ఫలితాలను బట్టి పొటాష్ అనవసరమని నిర్ణయించడం ఎంత ప్రమాదకరమో బ్రాడ్‌బాక్ చరిత్ర నిరూపిస్తోంది. నేల అంతవరకు తన నిల్వల నుంచి పంటకు అప్పు ఇస్తూ ఉండవచ్చు. నత్రజని ఫలితం ఆ ఏటి పంటలోనే కనిపిస్తుంది. పొటాష్ లోటు తరువాతి తరం పంటలో కనిపిస్తుంది. ఎరువుల విధానాన్ని రూపొందించేవారు ఈ రెండు కాలమానాలనూ దృష్టిలో ఉంచుకోవలసి ఉంటుంది.