అతుకుల చిత్రము – మన చదువు, మన చరిత్ర

మన పల్లెలలో బొంత లేని ఇల్లు అరుదు. తల్లి కట్టి విడిచిన చీర, తండ్రి ధోవతి, బిడ్డ చిన్ననాటి అంగీ, ఇవన్నియు ఒకదానిపై నొకటి పరచబడి, సూదిపోట్లతో ఒక్కటి యగును. అట్లు ఒక్కటియైన పిమ్మట కూడ ఏ గుడ్డ ఎవరిదో ఇంటి ముసలమ్మ వ్రేలు పెట్టి చూపగలదు. అతుకు కలిపినదే గాని చెరిపివేయలేదు. బొంతకు గల ఈ గుణమే నా వ్యాసమునకు మూలము.

నేటి పాఠశాలలలో ఉపాధ్యాయులు "కొలాజ్" అను పని యొకటి చేయించుచున్నారు. పత్రికల ముక్కలు, పాత బొమ్మలు, ఆకులు, గుడ్డపేలికలు తెచ్చి ఒక అట్టపై అతికించి, వానినుండి ఒక చిత్రమును కూర్చుటయే ఆ పని. తెలుగున దీనిని అతుకుల చిత్రము అనవచ్చును. పెక్కురు తల్లిదండ్రుల కన్నులకిది పిల్లల ఆట; పరీక్షకు పనికిరాని కాలక్షేపము. ఆ పేరు మాత్రమే పరదేశముది, భావము మనకు పాతదే అని నా మనవి. అంతేగాక, ఇందూరు బోధన్ సీమల చరిత్రను బాలబాలికలకు బోధించుటకు ఇంత తగిన సాధనము మరియొకటి అరుదు. పాఠక మహాశయులు ఓపికతో చిత్తగింతురు గాక.

ముందు దీని పూర్వోత్తరములను చూతము. "కొలాజ్" అను మాట ఫ్రెంచి భాషలో అతికించుట అను అర్థము గల ధాతువునుండి పుట్టినది. 1912లో ఫ్రాన్సు దేశమున పికాసో, బ్రాక్ అను చిత్రకారులిద్దరు తమ చిత్రములలో రంగుతో పాటు మైనపుగుడ్డ, గోడకాగితము మున్నగువానిని అతికించిరి. అంతకు మున్ను చిత్రకారుడు వస్తువును చూచి గీసెడివాడు. అప్పటినుండి వస్తువే వచ్చి చిత్రములో కూర్చుండినది. పాశ్చాత్య చిత్రకళలో ఇదియొక పెద్ద మలుపుగా ఎన్నబడుచున్నది.

కాని ముక్కలను కూర్చి అర్థమును పుట్టించు విద్యను మన తూర్పుదేశములు అంతకు చాల ముందే యెరుగును. సంస్కృతమున "కంథ" యనగా అతుకుల వస్త్రము. అది విరాగుల ధనము. బౌద్ధ వినయ గ్రంథములలో ఒక కథ కలదు. మగధదేశపు వరిమళ్ళను, వాని నడుమ గట్లను చూపి, భిక్షువుల చీవరమును ఆ తీరున కూర్పుమని బుద్ధుడు ఆనందునితో చెప్పెనట. ముక్కలే మళ్ళు, కుట్లే గట్లు. గ్రామపు లెక్కలు వ్రాయు నావంటివానికి ఈ కథ చదివినప్పుడెల్ల ఊరి నక్షా కన్నులకు కట్టును. సర్వే నంబరు వెంట సర్వే నంబరు చేరి ఊరగును. ఒక్క గట్టు చెరిగినను తగవు పుట్టును.

ఇక పారసీకమున "మురఖ్ఖా" యను మాటకు అతుకులు వేయబడినది యని అర్థము. సూఫీ ఫకీరు తొడుగు అతుకుల అంగీకి ఆ పేరే. రాజాస్థానములలో చిత్తరువులను, అందమైన చేవ్రాతలను వేరువేరు చోట్లనుండి తెచ్చి పుటలపై అతికించి కూర్చిన సంపుటములకు కూడ ఆ పేరే. మొగలాయి ప్రభువులును, దక్కను సుల్తానులును ఇట్టి సంపుటములను ప్రీతితో కూర్పించిరి. భిక్షువు చీవరము, యోగి కంథ, ఫకీరు మురఖ్ఖా, మన ఇంటి బొంత, తండాలలో లంబాడీ స్త్రీలు అద్దపు బిళ్ళలును రంగుగుడ్డలును కుట్టి అలంకరించుకొను లంగా, ఇవన్నియు నొక్క కుదురు మొక్కలు.

విద్యాలయమునకు సంబంధించిన ఉదాహరణ మొకటి చెప్పవలయును. శాంతినికేతనమున రవీంద్రుని ఆశ్రయమున 1919లో కళాభవనము వెలసినది. అచ్చట నందలాల్ బోసు శిష్యుడై, పిదప తానును గురువైన వినోదవిహారి ముఖర్జీ పుట్టుకతోనే చూపు మందగించినవాడు. 1957 ప్రాంతమున ఆయనకు దృష్టి పూర్తిగా పోయినది. అయినను ఆ మహనీయుడు కుంచె పోయినదని కూర్చుండలేదు. రంగుకాగితములను కత్తిరించి, వ్రేళ్ళతో తడవి, అతికించి చిత్రములు కూర్చెను. కన్ను లేనివానికి కూడ చేయి చదువు చెప్పగలదని ఈ వృత్తాంతము తెలుపుచున్నది. చేతితో తాకి, ఎచ్చట పెట్టుదునా యని తర్కించి నేర్చినది బాలునికి చిరకాలము నిలుచును.

ఇప్పుడు మన సీమకు వత్తము. చరిత్ర పుస్తకములు సాధారణముగా ఒక రాజు పోయి మరియొక రాజు వచ్చినట్లు వరుసగా చెప్పును. మన నేల అట్లు వరుసగా లేదు. ఒకదానిపై నొకటి అతికి యున్నది.

అంగుత్తర నికాయము చెప్పు పదునారు మహాజనపదములలో గోదావరీ తీరమున నున్నది అస్మకము. దాని రాజధాని పోతన లేక పోదనము నేటి బోధన్ పట్టణమేయని చరిత్రకారులలో పలువురు తలంచిరి. జైనులు తమ బాహుబలి కథలోని పౌదనపురమును ఇచ్చటనే చూచుకొందురు. పిమ్మట రాష్ట్రకూటులు, వారికి సామంతులుగా మొదట బోధన్‌నుండియు తరువాత వేములవాడనుండియు ఏలిన చాళుక్యులు వచ్చిరి. ఆ వేములవాడ అరికేసరి ఆస్థానముననే కన్నడ ఆదికవి పంపడు విలసిల్లెను. పంపని తమ్ముడు జినవల్లభుడు కరీంనగరు సీమలోని కుర్క్యాల గుట్టపై 945 ప్రాంతమున వేయించిన శాసనములో సంస్కృతము, కన్నడము, తెలుగు మూడును కలవు. అందలి తెలుగు కందపద్యములు మన వాఙ్మయమున మిక్కిలి ప్రాచీనములు. ఒక్క బండపై మూడు భాషలు! ఒకటి మరియొకదానిని త్రోసివేయలేదు. వేయి సంవత్సరములకు పూర్వము మన పొరుగున కూర్చబడిన అతుకుల చిత్రమిది.

బోధన్‌లోని దేవల్ మసీదును చూడుడు. దేవలమనగా గుడి, మసీదు మసీదే. పేరులోనే రెండు మాటలు అతికి యున్నవి. రాష్ట్రకూటుల కాలపు ఆలయము తుగ్లకుల కాలమున, అనగా పదునాలుగవ శతాబ్దమున, మసీదుగా మారినదని పండితులు చెప్పుదురు. ఇందూరు ఖిల్లాను చూడుడు. కోట యొకటి, కోటలో రామాలయ మొకటి, నిజాము కాలమున అదియే చెరసాల. ఆ చెరసాల గోడపై 1948లో దాశరథి కృష్ణమాచార్యులు బొగ్గుతో పద్యములు వ్రాసిరి. కోట, గుడి, జైలు, పద్యము, ఈ నాలుగును ఒక్క గుట్టపై నున్నవి.

నిన్న మొన్నటి చరిత్రయు ఇట్టిదే. 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగర్ ఆనకట్ట మంజీరా నీటిని కాలువలకెక్కించినది. దానిని నిర్మించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహద్దరు. నీరు రాగా వరియు చెరకును వచ్చినవి. చెరకు రాగా 1937లో నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడి, బోధన్ ప్రక్కన శక్కర్‌నగరు వెలసినది. కాలువల క్రింద సేద్యము చేయుటకు గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాలనుండి రైతులు వచ్చి నిలిచిన చోట్లు క్యాంపులైనవి. 1956లో భాషల ననుసరించి రాష్ట్రములు ఏర్పడినప్పుడు నాందేడు జిల్లానుండి బిచ్కుంద, జుక్కల్ ప్రాంతములు ఈవలికి వచ్చినవి. కావున మన బడిలో ఒక్క బెంచీపై కూర్చుండిన నలుగురు పిల్లల ఇండ్లలో తెలుగు, ఉర్దూ, మరాఠీ, లంబాడీ అను నాలుగు భాషలుండుట వింత కాదు. తెలుగు మాటాడు ఇద్దరిలోనే ఒకడు "ఏడికి" యనును, మరియొకడు "ఎక్కడికి" యనును.

ఇట్టి తరగతికి "మన సంస్కృతి" యను పాఠమును ఒక్క మూసలో పోసి చెప్పినచో, ఒక బిడ్డకు తన ఇల్లు అందులో కానరాదు. కానరాని బిడ్డ వెనుక బెంచీకి జారును. అతుకుల చిత్రమున ఆ యిక్కట్టు లేదు. ప్రతి బిడ్డయు ఇంటినుండి ఒక తునుక తేవలయును. తాత దాచిన చెరకు తూకపు చీటీ, ఉర్దూలో అచ్చైన శుభలేఖ, బీడీలు చుట్టు తల్లి ఒడిలోని తునికాకు, పసుపుకొమ్ము పొట్టు, తండా లంగా అద్దపు బిళ్ళ, క్యాంపుకు వచ్చిన అవ్వకు పుట్టింటినుండి వచ్చిన కార్డు. వీనిని తెచ్చిన బిడ్డయే వాని కథ చెప్పును. ఆ ఒక్క గంట గురువును వినువారిలో నొకడగును.

దీనికి ఖర్చు లేదు. మైదాపిండి లై కాచి, పురుగు పట్టకుండ చిటికెడు మైలుతుత్తము గురువుగారే కలిపిన చాలును. అది విషము గనుక పిల్లల చేతికీయరాదు. అసలు కాగితము పాడగునని వెరపున్నచో దాని నకలును అతికింపవచ్చును. నేను చేర్చుమని కోరునది ఒక్క నియమము. ప్రతి తునుక వెనుకను అది ఎవరి ఇంటినుండి, ఏ యేట, ఎట్లు వచ్చినదో వ్రాయవలయును. వోచరు లేని పద్దు చెల్లదు. ఊరు పేరు లేని తునుక చరిత్ర కాదు.

ఆక్షేపణలు రెండు వినబడును. ఇందువలన మార్కులు వచ్చునా యనునది మొదటిది. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక కళను అన్ని విషయముల బోధనతో కలుపవలయునని చెప్పినది. 2020 నాటి జాతీయ విద్యావిధానమును ఆ మాటనే బలపరచినది. అంతకంటె నేను చెప్పునది, పాఠమును చేతితో కూర్చిన పిల్లవానికి సంవత్సరములు, పేర్లు బట్టీ పట్టనవసరము లేదు. కాలువ రానిది చెరకు రాదనియు, చెరకు రానిది కర్మాగారము రాదనియు వాడు కూర్చునప్పుడే గ్రహించును.

రెండవది మరింత బరువైనది. దేవల్ మసీదు వంటి తునుకను పిల్లల ముందుంచిన, పెద్దల తగవు బడికెక్కదా యని. దాచినచోనే తగవు ముదురునని నా తలంపు. బడిలో కానిచో ఆ కథను పిల్లలు వీధిలో విందురు. వీధి సగమే చెప్పును. ఏ శతాబ్దమున ఏది జరిగినదో, రాతిపై ఏమి కలదో, తీర్పు చెప్పక చూపుట గురువు పని. అతుకును చూచుట నేర్చిన కన్ను, అతుకునే పట్టుకొని చింపుటకు తొందరపడదు.

అయితే అతుకుల చిత్రము కూడ అబద్ధమాడగలదు. అందమైన తునుకలను మాత్రమే ఏరుకొన్నచో అది పండుగ తోరణ మగునుగాని చరిత్ర గాదు. ఒకప్పుడు ఆసియాలోని పెద్ద చక్కెర కర్మాగారములలో నొకటిగా పేరొందిన బోధన్ కర్మాగారము 2002లో ప్రైవేటు భాగస్వామ్యమునకు పోయి, 2015 డిసెంబరున మూతపడినది. నేడు ప్రాథమిక పాఠశాలలో చదువు బిడ్డలు దాదాపు అందరును దాని తరువాత పుట్టినవారే. వారికి శక్కర్‌నగరు ఒక పేరు మాత్రము. చెరకు బండ్ల బారులను చూచినవారు ముసలివారగుచున్నారు. పని పోయిన కార్మికుని గుర్తింపుచీటీ, చెరకు మాని వరికి తిరిగిన రైతు మాట, ఇవియు అట్టపైకి రావలయును. చెరకు నరికిన కూలివాని కొడవలికి చీటీ లేదు, కాగితము లేదు. అట్టివాని కొరకు బాలుడు తానే బొమ్మ గీసి అతికింపవలయును. ఏ తునుకయు దొరకని చోటును ఖాళీగా విడిచి, "ఇచ్చట నుండవలసినది దొరకలేదు" అని వ్రాయుటయు సత్యమే.

ఈ పనిలో గ్రంథాలయమునకు గొప్ప పాత్ర కలదు. ఈ రాజ్యమున చదువు ఉర్దూలో సాగిన దినములలో తెలుగు పుస్తకమును ప్రజలకందించినవి గ్రంథాలయములు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలిగించిన దీపమునుండియే పల్లెపల్లెకు దివ్వెలు పోయినవి. 1937లో మందుముల నరసింగరావుగారి అధ్యక్షతను ఆంధ్రమహాసభ నిజామాబాదుననే జరిగినది. నాటి పెద్దలు మనకు పుస్తకము నిచ్చిరి. నేడు మనము ఊరి కాగితమును కాపాడవలసి యున్నది. దీపావళికి ఇల్లు దులిపి తగులబెట్టు పాత చీటీలు, ఉత్తరములు, రసీదులు, కరపత్రములలో ఊరి చరిత్ర కాలిపోవుచున్నది.

కావున ఈ రజతోత్సవ సందర్భమున పాలకవర్గమువారికి నా విన్నపము మూడు మాటలలో చెప్పెదను. పఠనశాలలో ఒక బీరువాను ఊరి పాత కాగితముల కొరకు కేటాయింపుడు. ఏటేట ఒక తరగతి పిల్లలను పిలిచి, వానిని చూపి, ఒక అతుకుల చిత్రమును చేయింపుడు. దానిని పారవేయక, వెనుకటి వ్రాతలతో సహా, సంవత్సరము వేసి భద్రపరుపుడు. స్వర్ణోత్సవము నాటికి ఇరువదియైదు చిత్రములగును. వానిని వరుసగా వ్రేలాడదీసిననాడు, మన మనుమలు ఈ ఊరు ఎవరెవరిచే కూర్చబడినదో చూచి చదువుకొందురు. తమ ఇంటి తునుక ఏదియో వెదకుకొందురు. దొరకని ఇల్లు ఒక్కటియు లేకుండుట మన పూచీ.