ధమని రక్త వాయు పరీక్ష

ధమని నుంచి తీసిన రక్తంలో ఆమ్ల-క్షార స్థితినీ, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ పీడనాలనూ కొలిచే పరీక్ష ఇది. ఆసుపత్రుల్లో అందరూ ఏబీజీ అంటారు. ఆరోగ్యవంతుల్లో పీహెచ్ 7.35–7.45, కార్బన్ డయాక్సైడ్ 35–45 మిల్లీమీటర్లు (పాదరసం), బైకార్బనేట్ 22–26, గది గాలిలో ఆక్సిజన్ 80–100 మిల్లీమీటర్లు ఉంటాయి. సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్న ఏలూరు, కొల్లేటి పల్లెలకు ఈ ఆక్సిజన్ అంకెను సవరించనక్కరలేదు.

రక్తాన్ని సాధారణంగా మణికట్టు దగ్గరి రేడియల్ ధమని నుంచి హెపారిన్ సిరంజిలోకి తీస్తారు. గాలి బుడగ మిగిలితే అంకెలు మారిపోతాయి. సిరంజిలో చేరాక కూడా రక్తకణాలు ఆక్సిజన్‌ను వాడుకుంటూ ఆమ్లాన్ని వదులుతూనే ఉంటాయి, ఎండాకాలంలో ఇది మరింత వేగంగా సాగుతుంది. అరగంటలోపు యంత్రంలో పెట్టాలి. తాడేపల్లిగూడెంలో తీసిన నమూనాను ఏలూరుకు పంపి చూపించుకోవడం కుదిరే పని కాదు, రోగినే యంత్రం ఉన్న చోటికి చేర్చాలి.

చదివేటప్పుడు ముందు పీహెచ్ చూస్తారు. తరువాత ఆ మార్పు ఊపిరి వల్ల వచ్చిందా, జీవక్రియ వల్ల వచ్చిందా అన్నది తేలుస్తారు. శరీరం దాన్ని ఎంతవరకు సర్దుకుందో లెక్కగట్టడం ఆ తరువాతి మెట్టు. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

2020 డిసెంబరు 5 నుంచి ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి ఫిట్స్‌తో, కళ్లు తిరిగి పడిపోయి ఆసుపత్రి పాలయ్యారు. ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. ఆ తరువాత అనుమానం పురుగుమందుల మీదికీ మళ్లింది. కారణం ఏదైనా, ఒళ్లంతా కుదిపే ఫిట్స్ వస్తే కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పోగుపడుతుంది. అప్పుడే తీసిన రక్తంలో బైకార్బనేట్ 12, కార్బన్ డయాక్సైడ్ 36, పీహెచ్ 7.15 వచ్చాయనుకుందాం. 36 మామూలు అంకెలాగే కనిపిస్తుంది. కానీ బైకార్బనేట్‌ను ఒకటిన్నరతో హెచ్చించి 8 కలిపితే, కార్బన్ డయాక్సైడ్ దాదాపు 26 ఉండాలని వస్తుంది. అంటే ఊపిరి ఆడవలసినంతగా ఆడడం లేదు. ఫిట్స్ ఇంకా లోలోపల సాగుతున్నాయా, మత్తుమందు ఎక్కువైందా, నాలుక గొంతుకు అడ్డుపడిందా అని వెంటనే చూడాలి. ఫిట్స్ ఆగి ఊపిరి కుదుటపడితే ఈ ఆమ్లత్వం సాధారణంగా గంట, గంటన్నరలో దానంతటదే తగ్గుతుంది, బైకార్బనేట్ ఎక్కించవలసిన అవసరం రాదు. అందువల్ల రక్తం తీసిన సమయాన్ని చీటీ మీద రాయడం చాలా ముఖ్యం.

వరిచేల పల్లెల్లో రాత్రి నేల మీద పడుకున్నవారిని కట్లపాము కరిస్తే సమస్య వేరు. ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి, ఊపిరి తీసే కండరాలే చచ్చుబడతాయి. కార్బన్ డయాక్సైడ్ 80కి చేరితే, గది గాలిలో ఊపిరితిత్తుల్లోని ఆక్సిజన్ సుమారు 50కి పడిపోతుంది. మాస్కుతో 30 శాతం ఆక్సిజన్ ఇస్తే అది 110 దాటుతుంది. వేలికి తగిలించిన ఆక్సీమీటర్ 98 చూపిస్తుంది, పీహెచ్ మాత్రం 7.17 దగ్గరకు దిగజారి ఉంటుంది. ఈ ప్రమాదాన్ని ఆక్సీమీటర్ పట్టుకోలేదు. కనురెప్పలు వాలిన రోగిలో ఏబీజీ ఆ సంగతి బయటపెడుతుంది, అయితే ఊపిరి స్పష్టంగా బలహీనపడుతుంటే దాని కోసం ఎదురుచూడకుండా వెంటిలేటర్ పెట్టాలి. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు తాగినవారిలో కండరాల బలహీనతకు ఊపిరి గొట్టాల్లో ఊరే స్రావాలు తోడవుతాయి. కాబట్టి ఆక్సిజన్ ఇచ్చినా అంకె అంత తేలిగ్గా పెరగదు.

1952లో కోపెన్‌హాగెన్ పోలియో రోగుల్లో పెరిగిన బైకార్బనేట్‌ను వైద్యులు మొదట క్షారత్వంగా భావించారు. అది కార్బన్ డయాక్సైడ్ నిలిచిపోవడం వల్ల వచ్చిన మార్పని మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ గుర్తించి, గొంతులో గొట్టం వేసి చేత్తో ఊపిరి అందించే పద్ధతి మొదలుపెట్టాడు. పీహెచ్, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్‌లను ఒకేచోట కొలిచే యంత్రం ఆ దశాబ్దం చివర్లో వచ్చింది.

ఏళ్ల తరబడి పొగాకు తాగినవారిలో కార్బన్ డయాక్సైడ్ 60 ఉన్నా, బైకార్బనేట్ 31కి పెరిగి పీహెచ్ 7.34 దగ్గర నిలిచి ఉండవచ్చు. అలాంటివారిలో ఆక్సిజన్‌ను కొలిచి ఇస్తారు, రక్తంలో ఆక్సిజన్ సంతృప్తత 88–92 శాతం ఉంటే చాలు.