కవాటం

కవాటమంటే సంస్కృతంలో తలుపు రెక్క. ‘వాల్వ్’కు మూలమైన లాటిన్ ‘వాల్వా’కూ అదే అర్థం. నెత్తురు వెనక్కి మళ్లకుండా మూసుకునే గుండె రెక్కలు రుమాటిక్ జ్వరంతో చెడితే, నోటిలోని స్ట్రెప్టోకాకస్ రక్తంలో చేరి అక్కడ తిష్ఠ వేయవచ్చు. చర్మం మీది స్టెఫిలోకాకస్ ఆరియస్ ఆరోగ్యంగా ఉన్న రెక్కనూ వదలదు. వారాల తరబడి జ్వరం, గుండెలో కొత్త మర్మరం, గోళ్ల కింద పుల్ల గుచ్చుకున్నట్టు ఎర్రటి గీతలు ఇలా రెక్కకు సోకిన ఇన్ఫెక్షన్‌కు గుర్తులు.

నిజామాబాద్ దగ్గరి మాక్లూర్‌లో అందరూ ‘వాల్వు’ అంటుంటే కవాటం ఎందుకని అడగవచ్చు. ఏ మాటైనా సరే, అర్థం తెలియాలి. తన గుండెలో తలుపు రెక్క చెడిందని ఎరిగిన మనిషి, వదలని జ్వరాన్ని టైఫాయిడ్ అనుకుని ఊరుకోడు. నిజామాబాద్ వెళ్లి, యాంటీబయాటిక్ వేసుకోకముందే రక్తం కల్చర్‌కు ఇస్తాడు. ముందే మందు పడితే క్రిమి కల్చర్‌లో దొరక్కపోవచ్చు.