నెలకు యాభై వేలు

శ్రీకాకుళం ట్రెజరీలో ముప్పయ్యేళ్లు బిల్లులు పాస్ చేసినవాణ్ణి. చరిత్ర పుస్తకం తెరిచినా నా కన్ను ముందు అంకెల మీదికే పోతుంది. బొబ్బిలి యుద్ధం బుర్రకథగా విని పెరిగినవాళ్లం కాబట్టి తాండ్ర పాపారాయుడి కత్తి ఎవరికీ కొత్త కాదు. ఆ మరుసటి ఏడాది విజయనగరం రాజు నెత్తిన వేసుకున్న ఖర్చు సంగతి మాత్రం ఏ కథకుడూ పాడగా వినలేదు.

ఔరంగజేబు పోయాక ఢిల్లీ పట్టు సడలింది. మా శ్రీకాకుళం అప్పట్లో ఒక సర్కారుకు ముఖ్యపట్టణం, ఫౌజుదారు ఉండే ఊరు. 1753లో నిజాం సలాబత్ జంగ్ తన దగ్గరున్న ఫ్రెంచి పటాలం ఖర్చుల కింద నాలుగు సర్కార్లను దాని సేనాని బుస్సీకి రాసిచ్చాడు. సిపాయిల జీతాలకు జిల్లాలకు జిల్లాలే పద్దు పడ్డాయన్నమాట! విజయనగరం పెద విజయరామరాజు ఆ బుస్సీ దగ్గరే శ్రీకాకుళం, రాజమండ్రి సర్కార్లు కౌలుకు తీసుకున్నాడు. 1757 జనవరి 24న అదే ఫ్రెంచి ఫిరంగులతో బొబ్బిలి కోట పడగొట్టించాడు. మూడు రోజులకు గుడారంలోనే పాపారాయుడి చేతిలో పోయాడు.

ఆ తరవాత గద్దెనెక్కిన ఆనందరాజుకు బుస్సీతో పొసగలేదు. 1758లో విశాఖపట్నం ఫ్రెంచివాళ్ల నుంచి లాక్కుని, సాయం కావాలని ఇంగ్లీషు కంపెనీకి కబురంపాడు. మద్రాసు ఖాళీగా లేదు. కలకత్తాలో క్లైవు ఒప్పుకుని కర్నల్ ఫోర్డును ఓడల మీద పంపాడు. అయిదు వందల మంది తెల్లవాళ్లు, రెండు వేల మంది సిపాయిలు అక్టోబరులో విశాఖలో దిగారు.

ఇక ఒప్పందం. ఇది చదివినప్పుడు నేను కుర్చీలో ముందుకు జరిగాను. పటాలం ఖర్చు నెలకు 50,000 రూపాయలు, ఆఫీసర్ల డబుల్ బత్తాకు 6,000, రెండూ రాజుగారివే. గెలిచిన నేలలో లోపలి భాగం రాజుది, సముద్రపుటొడ్డు కంపెనీది. డబ్బు రాజమండ్రి చేతికొచ్చాక చెల్లిస్తే చాలు. నాబోటి గుమాస్తా దగ్గరికి ఈ కాగితం వచ్చి ఉంటే రెండు ప్రశ్నలు రాసి వెనక్కి పంపేవాణ్ణి: మొత్తానికి పరిమితి ఎంత? పటాలం ఎప్పుడు తిరిగి వెళుతుంది?

డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి వద్ద ఫోర్డు, ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌ను ఓడించాడు. ఎర్రకోట్లు తొడిగిన బెంగాలు సిపాయిలను చూసి ఫ్రెంచివాళ్లు వాళ్లే తెల్లవాళ్లనుకుని మీద పడ్డారట. అసలు తెల్లవాళ్లు చేను చాటున ఉన్నారు. రాజమండ్రి వచ్చేసింది, డబ్బు రాలేదు. ఆనందరాజు రోజులు లాగాడు, ఫోర్డు వారాల తరబడి కదల్లేదు. చివరికి విశాఖలోని కంపెనీ అధికారి ఆండ్రూస్ మధ్యలో పడి లెక్క మార్చాడు. రాజు ఇచ్చేదంతా అప్పుగా రాసుకుంటారు, గోదావరికి దక్షిణాన దొరికే ఆదాయం చెరి సగం. 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కోట కంపెనీ పరమైంది. మే నెలలో సలాబత్ జంగ్ రాసిచ్చిన సన్నదు కంపెనీ పేరిటే వచ్చింది. ఆనందరాజు కొంతకాలానికే రాజమండ్రిలో మశూచితో పోయాడు. వెనక మిగిలింది ఓ పసివాడు, చిన విజయరామరాజు.

ఈ మధ్య పేపర్లో యూరోపియన్ యూనియన్ గురించి చదువుతుంటే మళ్లీ ఇదే గుర్తుకొచ్చింది. 1991లో సోవియట్ యూనియన్ చెదిరాక విడివడిన దేశాల్లో ఆరింటితో అది 2009లో ప్రాగ్‌లో తూర్పు భాగస్వామ్యం మొదలుపెట్టింది. జార్జియాకు 2008లో, అర్మేనియాకు 2023లో సరిహద్దు చూసే పరిశీలకులను పంపింది. పెద్ద రాజ్యం చెదిరితే చిన్నవాళ్లు పక్కనున్న పెద్దవాడి వైపు చూడటం అక్కడా ఇక్కడా ఒకటే. అంతకుమించి పోలిస్తే నేనే ఒప్పుకోను. ఆ పరిశీలకుల చేతిలో తుపాకీ ఉండదు, వాళ్ల ఖర్చు యూరోపియన్ యూనియన్, దాని సభ్యదేశాలే భరిస్తాయి. మన దగ్గర బిల్లు రాజుగారి గుమ్మంలోకొచ్చింది.

1765లో మొగలు పాదుషా ఫర్మానాతో సర్కార్లు కంపెనీవయ్యాయి. సాయం కోరిన ఇంటివాళ్లు పేష్కషు కట్టే జమీందార్లయ్యారు. తరవాతి ముప్పయ్యేళ్ల కథ దాదాపు బకాయిల కథే. కంపెనీ అడగడం, రాజు గడువు కోరడం. 1793కి మాట ముదిరింది. సైన్యాన్ని రద్దు చెయ్యమన్నారు, కోట తీసుకున్నారు, మచిలీపట్నం వెళ్లి ఉండమన్నారు.

చిన విజయరామరాజు వెళ్లలేదు. విజయనగరానికీ భీమునిపట్నానికీ మధ్య పద్మనాభంలో దిగాడు. 1794 జులై 10 తెల్లవారుజామున కర్నల్ ప్రెండర్‌గాస్ట్ పటాలం వచ్చి పడింది. గంటసేపు కూడా సాగని పోరులో రాజు, ఆయన చుట్టూ ముఖ్యులు చాలామంది కూలిపోయారు.

రిటైరయ్యాక ఓసారి అక్కడికి వెళ్లాను. మోకాళ్ల బాధ, కొండ మీది గుడికి మెట్లెక్కలేదు. ఆటో కుర్రాడు నన్ను వింతగా చూశాడు.

"ఏటి బాబూ, సామిని సూడ్డానికి రాలేదేటి? ఇక్కడేటి సూస్తారు?"

రాజుగారు పడిపోయిన చోటు చూద్దామని వచ్చానన్నాను.

"ఇక్కడేనంటారండి మావోలు. ఏటికి కొట్టుకున్నారో?"

డబ్బు దగ్గర అని చెప్పాను. ఇంకా వివరం అడుగుతాడేమోనని చూశాను, అడగలేదు. అడిగితే చెప్పడానికి ఒక అంకె సిద్ధంగా ఉంది: మచిలీపట్నంలో ఉండటానికి కంపెనీ ఆ రాజుకు ఇస్తామన్న భత్యం నెలకు 1,200 రూపాయలు.